‘మనస్తాపం’ అనే మాట వెనుక: తెలుగు నవలలో కౌమార ప్రేమ, మనోవ్యథ – ‘అంపశయ్య’ కేంద్రంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కౌమార వయస్కుల ప్రేమనూ, వారి మానసిక సంఘర్షణనూ వస్తువుగా తీసుకొనే కాల్పనిక సాహిత్యం ప్రపంచ భాషలు కొన్నింటిలో ప్రత్యేక శాఖగా ఎదిగింది. తెలుగులో అటువంటి శాఖ స్థిరపడలేదు. అయితే ఆ వస్తువు తెలుగు నవలకు కొత్తది కాదు. ఉత్తర తెలంగాణకు చెందిన నవలాకారుడు నవీన్ 1969లో ప్రచురించిన ‘అంపశయ్య’ యువకుడి ప్రేమ కాంక్షనూ, మనోవ్యథనూ, ఆర్థిక స్థితినీ విడదీయకుండా చూపింది. తర్వాతి కాలంలో ఈ మూడూ మూడు వేర్వేరు రచనా ధోరణుల్లోకి చీలిపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ చీలిక వల్ల నేటి ఇంటర్మీడియట్ విద్యార్థికి, ముఖ్యంగా చెన్నూరు వంటి చిన్న పట్టణాల విద్యార్థినికి, తన జీవితం మొత్తంగా కనిపించే నవల అరుదైపోయిందని వివరిస్తుంది.

కీలక పదాలు: కౌమారం, నవల, అంపశయ్య, చైతన్య స్రవంతి, మనోవ్యథ, ఉత్తర తెలంగాణ, శ్రోత.

1. ఉపోద్ఘాతం

దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఊరి పేరు, వయసు, తరగతి మారతాయి తప్ప వాక్య నిర్మాణం మారదు. ‘ప్రేమ విఫలమై’, ‘తల్లిదండ్రులు మందలించారని’, ‘పరీక్ష తప్పినందుకు’ అన్న మూడింటిలో ఒకటి ముందు వస్తుంది. తర్వాత ‘మనస్తాపానికి గురై’ అన్న మాట వస్తుంది. ఆ తర్వాతి క్రియ అందరికీ తెలిసినదే. పదహారు, పదిహేడేళ్ల జీవితానికి ఆ వాక్యం ఒకే ఒక కారణాన్ని ఇచ్చి ముగిసిపోతుంది. ‘మనస్తాపం’ అనే సంస్కృత సమాసం అక్కడ వివరణగా కనిపిస్తుంది. నిజానికి అది వివరణ అవసరం లేకుండా చేసే మాట.

వార్తకు స్థలం తక్కువ, సమయం తక్కువ. అందువల్ల విలేఖరిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వార్త కుదించినదాన్ని విప్పి చూపవలసిన బాధ్యత కథకూ నవలకూ ఉంది. తెలుగు నవల ఈ పని చేసిందా, చేస్తే ఎంతవరకు చేసింది అన్నది ఈ వ్యాసం వేసుకొంటున్న ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వరకు గల దశను కౌమారంగా నిర్వచిస్తుంది. ఈ వ్యాసంలో ‘కౌమార పాఠకులు’ అన్నప్పుడు ఆ దశ చివరి భాగంలో ఉన్న ఇంటర్మీడియట్, డిగ్రీ తొలి సంవత్సర విద్యార్థులే ఉద్దేశం. వారిని ఒక స్థలంలో నిలిపి చూడటానికి చెన్నూరును తీసుకొంటున్నాను. 2016 అక్టోబరులో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో, అంతకుముందు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం గోదావరి ఒడ్డున ఉంది. నది ఇక్కడ ఉత్తరవాహినిగా పారుతుంది. ఒకవైపు పత్తి చేలు, మరోవైపు మందమర్రి, శ్రీరాంపూర్‌ల సింగరేణి గనులు, జైపూర్ విద్యుత్కేంద్రం. కోటపల్లి, భీమారం మండలాల పల్లెల పిల్లలకు పై చదువు అంటే మొదట గుర్తొచ్చే ఊళ్లలో ఇదొకటి. రైతు, గని కార్మికుడు, కాంట్రాక్టు కూలీ, గల్ఫుకు వలసపోయిన తండ్రి – ఉత్తర తెలంగాణ తరగతి గదిలో ఒకే బెంచీ మీద వీరందరి పిల్లలూ కూర్చుంటారు. ఆ బెంచీ మీది పాఠకులకు తెలుగు నవల ఏమి ఇచ్చిందన్నదే ఇక్కడి కొలమానం.

2. వర్గీకరణలో చోటు లేని పాఠకుడు

ఆంగ్ల సాహిత్యంలో కౌమార నవల ఒక ప్రచురణ విభాగంగా స్థిరపడటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. సాలింజర్ ‘ద క్యాచర్ ఇన్ ద రై’ 1951లో పెద్దల నవలగానే వెలువడింది. ఎస్.ఇ. హింటన్ కౌమార వయసులోనే రాసిన ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో వచ్చిన తర్వాత ఆ వయసు పాఠకులకోసమే రాయడం, ప్రచురించడం బలపడింది. స్టీఫెన్ చ్బాస్కీ ‘ద పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ (1999), జాన్ గ్రీన్ ‘టర్టిల్స్ ఆల్ ద వే డౌన్’ (2017) వంటి నవలల్లో తొలి ప్రేమ, మానసిక అనారోగ్యం ఒకే కథలో పెనవేసుకొని సాగుతాయి.

తెలుగులో పాఠకుల వయోవర్గీకరణ వేరుగా జరిగింది. ‘బాలసాహిత్యం’ అన్నది స్పష్టమైన విభాగం. 1947లో మొదలైన ‘చందమామ’ దానికి గట్టి పునాది వేసింది. ఆ దశ దాటిన పాఠకులు నేరుగా పెద్దల వారపత్రిక సీరియల్‌లోకి వెళ్లారు. నడుమ మెట్టు లేదు. సంస్థాగతంగా కూడా ఈ లోటు కనిపిస్తుంది. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాన్ని, 2011 నుంచి యువ పురస్కారాన్ని ఇస్తున్నది. మొదటిది పాఠకుల వయసును బట్టి ఏర్పడింది. రెండవది 35 ఏళ్లలోపు రచయితల కోసం ఏర్పడింది. ‘యువ’ అనే విశేషణం రచయితకు చెందింది గాని పాఠకునికి చెందలేదు. పదిహేడేళ్ల పాఠకురాలు ఈ రెండు గుర్తింపుల మధ్య ఖాళీలో ఉండిపోయింది.

విభాగం లేనంత మాత్రాన వస్తువు లేదని అనలేం. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలలో సుందరం బాల్యం నుంచి యౌవనం దాకా ఎదగడమే కథ. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి అంతరంగాన్ని తల్లిపై పడిన నింద చిన్ననాటి నుంచీ వెంటాడుతుంది. అయితే వీటిలో కౌమారం ఒక దశగా వచ్చిపోతుంది. కథ దృష్టి అంతా మనిషి చివరకు ఏమయ్యాడన్న దానిమీదే ఉంటుంది. ఎదిగే వయసులోని ఒక రోజు, ఆ రోజు బరువు – వీటినే పూర్తి నవలకు చాలిన వస్తువుగా గుర్తించింది ‘అంపశయ్య’.

3. ‘అంపశయ్య’: ఒక రోజు, అనేక బాణాలు

దొంగరి మల్లయ్య ‘నవీన్’ అనే కలం పేరుతో రాసిన ఈ తొలి నవల ఆయన పేరులోనే భాగమైపోయింది. కథాకాలం పదహారు గంటలు. స్థలం ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతి గృహం, దాని పరిసరాలు. కథానాయకుడు రవి తెలంగాణ పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి. చైతన్య స్రవంతి పద్ధతిలో, ఉదయం మెలకువ నుంచి రాత్రి వరకు అతని మనసులో సాగే ఆలోచనల ప్రవాహమే నవల. ఇదే రవి జీవితాన్ని నవీన్ ‘ముళ్ళపొదలు’, ‘అంతస్స్రవంతి’ నవలల్లో కొనసాగించి నవలాత్రయాన్ని పూర్తిచేశారు.

రవి వయసు రీత్యా కౌమారాన్ని దాటినవాడే. ఈ వ్యాసానికి ఆధారంగా అతన్ని తీసుకోవడంపై ఆక్షేపణ రావచ్చు. కాని ఇక్కడ ముఖ్యమైనది వయసు కన్నా స్థితి. ఇల్లు వదిలి వసతి గృహంలో ఉండటం, తండ్రి పంపే డబ్బు మీద ఆధారపడటం, పరీక్షే భవిష్యత్తు అనుకోవడం, స్త్రీ సాంగత్యం కోసం లోలోపల తపించడం, తోటివారి ముందు తనను తాను తక్కువగా చూసుకోవడం – 1960లలో ఒక పల్లె యువకుడు విశ్వవిద్యాలయంలో అనుభవించిన ఈ స్థితిని ఇవాళ పదహారేళ్లకే గురుకుల కళాశాలలోనో కార్పొరేట్ కళాశాల వసతి గృహంలోనో అనుభవిస్తున్నారు. విద్యా విస్తరణ ఆ ఒత్తిడిని కింది వయసుకు జరిపింది.

‘అంపశయ్య’ శిల్పం గురించి విమర్శకులు చాలా రాశారు. ఆ శిల్పానికీ మనోవ్యథను అర్థం చేసుకొనే తీరుకూ ఉన్న సంబంధాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. చైతన్య స్రవంతిలో ఆలోచనలకు హోదాల క్రమం ఉండదు. డబ్బు చింత, ఒక అమ్మాయి తలపు, పరీక్షల భయం, ఊరి జ్ఞాపకం, మిత్రుని మాటకు కలిగిన అవమానం ఒకదాని వెంట ఒకటి, ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. పాఠకుడు ఏ ఒక్కదాన్నో పట్టుకొని ‘ఇదీ కారణం’ అని చెప్పలేడు. ప్రేమ కాంక్షలోకి పేదరికం వస్తుంది. తన దగ్గర ఏమీ లేదన్న స్పృహ లేకుండా రవికి ఆకర్షణ కూడా కలగదు. ఏక కారణ వాక్యాన్ని ఈ శిల్పం నిర్మాణపరంగానే తిరస్కరిస్తుంది.

శీర్షికలను పోల్చి చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. తెలుగు మనోవైజ్ఞానిక నవలల్లో ముందు వరుసలో నిలిచే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ శీర్షికలు రెండూ వ్యక్తికి పెట్టిన పేర్లు. సీతారామారావు అసమర్థుడు, సుబ్బయ్య అల్పజీవి. లోపల ఎంత సానుభూతి ఉన్నా, ఎంత వ్యంగ్యం ఉన్నా, శీర్షిక ఒక నిర్ధారణతో మొదలవుతుంది. ‘అంపశయ్య’ మాత్రం వ్యక్తికి పేరు పెట్టలేదు. అతడు పడుకొన్న చోటుకు పేరు పెట్టింది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు బలహీనుడు కాడు. ఆ శయ్య ఒక్క బాణంతో తయారైనదీ కాదు. ఏ బాణం ప్రాణం తీసిందన్న ప్రశ్నకు అక్కడ అర్థం లేదు. బాధను మనిషి లోపంగా కాక, అతడు ఉన్న స్థితిగా చూపడం ఈ నవల తెలుగు సాహిత్యానికి చేసిన చేర్పు.

ఇదే పురాణ ప్రతీక నవల పరిమితినీ పట్టిస్తుంది. భారతంలో అంపశయ్య మీది భీష్ముని చుట్టూ శ్రోతలున్నారు. ధర్మరాజు అడుగుతాడు, భీష్ముడు చెబుతాడు. శాంతి, అనుశాసనిక పర్వాలు ఆ వినడంలోంచే పుట్టాయి. రవి లోపల నడిచే దానికి శ్రోత లేడు. అతని చుట్టూ మిత్రులున్నారు, చర్చలున్నాయి. కాని పెదవి దాటే మాటకూ లోపలి మాటకూ మధ్య దూరం తగ్గదు. అంతర స్వగతం పాఠకుణ్ని ఏకైక శ్రోతగా నిలబెడుతుంది. కథలోపల ఆ స్థానం ఖాళీగానే ఉంటుంది. 1969 నాటికి అది వాస్తవానికి నిజాయితీగల చిత్రణే. కాని ఆ ఖాళీని గుర్తించి, ముందుకు తీసుకువెళ్లవలసిన పని తర్వాతి నవలది.

4. మూడు ముక్కలైన వస్తువు

‘అంపశయ్య’ ఒక్కచోట ఉంచిన ప్రేమ, ఆర్థిక స్థితి, మనసు తర్వాతి దశాబ్దాల్లో మూడు వేర్వేరు రచనా ధోరణుల పరమయ్యాయి. ఈ విభజన సంపూర్ణమైనదని చెప్పడం లేదు. ప్రధాన ప్రవాహాల దిశను మాత్రమే సూచిస్తున్నాను.

మొదటిది ప్రేమ. శరత్ నవలలు తెలుగు అనువాదాల్లో ఎంతగా ఇంకిపోయాయంటే ఆయన్ను తెలుగు రచయిత అనుకొన్న పాఠకులున్నారని చెప్పుకొంటారు. 1953 నాటి ‘దేవదాసు’ చలనచిత్రం విఫల ప్రేమికుడికి ఒక ఆకారాన్ని, నడకను ఇచ్చింది. ‘దేవదాసు’ అన్నది తెలుగులో సామాన్య నామంగా మారింది. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ ఎదిగీ ఎదగని జంట ప్రేమను మరణంతో ముగించింది. ప్రేమ ఇక్కడ జీవితంలోని మిగతా అన్నింటినీ పక్కకు నెట్టే ఏకైక సత్యం. ప్రేమించినవాడికి ఫీజు కట్టవలసిన గడువు ఉండదు, ఇంట్లో అప్పు ఉండదు. ఉన్నా అవి కథకు అడ్డంకులుగా వస్తాయి గాని ప్రేమ స్వభావాన్ని నిర్ణయించవు.

రెండవది ఆర్థిక, సామాజిక స్థితి. దీన్ని ఉత్తర తెలంగాణ సాహిత్యం ఎంతో బలంగా స్వీకరించింది. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు ఈ నేల చరిత్రను మలుపు తిప్పాయి. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’, ‘ఊరు’ నవలలు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతాంగ పోరాటాల నేపథ్యంలో రూపొందాయి. గని కార్మికుల జీవితం తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితల చేతుల్లో సాహిత్యమైంది. ఈ ధోరణిలో యువకుడి వ్యథకు సామాజిక కారణం దొరికింది, అది వ్యక్తి లోపం కాదన్న స్పష్టత వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. అయితే వ్యథ పోరాటంగా మారే క్షణం మీదే కథ దృష్టి నిలవడంతో, పోరాటంగా మారని వ్యథకు చోటు తగ్గింది. సభ నుంచి గదికి తిరిగివచ్చి నిద్రపట్టక దొర్లే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఉద్యమ సాహిత్యానికి కొంచెం ఇబ్బందికరమైన పాత్ర. అతడు రవికి తమ్ముడు. కాని అతని కథ ఆ ఇంట్లో పెద్దగా వినబడలేదు.

మూడవది మనసు. ఇది నవలను వదిలి వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లోకి వెళ్లింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ తెలుగు ఇళ్లలోకి ఎంత విస్తృతంగా చేరిందో చెప్పనవసరం లేదు. జనరంజక నవలకు చిరునామా అయిన రచయితే ఈ మార్గంలోకి రావడం తెలుగు పఠన చరిత్రలో గమనించదగిన మలుపు. ఈ గ్రంథాలు ఎందరికో ధైర్యాన్నిచ్చాయన్నది నిజం. కాని వాటి వ్యాకరణంలో కర్త ఎప్పుడూ ఏకవచనమే. భయం నీది, జయించవలసింది నీవు. వసతి గృహపు అన్నం, కులం పేరుతో విసిరిన మాట, తండ్రి చేసిన అప్పు ఆ వ్యాకరణంలో అమరవు. శీర్షిక మారినా ‘అసమర్థుడు’ అన్న నిర్ధారణ మరో రూపంలో తిరిగి వచ్చింది. ఓడినవాడు మెట్లు ఎక్కనివాడు అయ్యాడు.

ఈ చీలిక ఫలితం 2019 ఏప్రిల్‌లో కళ్లకు కట్టింది. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. ఫలితాల ప్రక్రియలో లోపాలు జరిగినట్లు ప్రభుత్వం నియమించిన త్రిసభ్య సంఘం గుర్తించింది. వ్యవస్థలోని దోషం ఒక విద్యార్థి మనసులో ‘నేను పనికిరాను’ అన్న వాక్యంగా ఎలా మారుతుంది? ఇంటిలో, వీధిలో, స్నేహితుల మధ్య, తాను ఇష్టపడ్డ వ్యక్తి ముందు ఆ వాక్యం ఎలా బరువెక్కుతుంది? ఈ మార్పును గంట గంటకూ చూపగల సాధనం నవల మాత్రమే. ఆ సాధనాన్ని నవీన్ యాభై ఏళ్ల ముందే సిద్ధంచేసి ఉంచారు. అది ఆ సందర్భంలో మళ్లీ చేతికి రాలేదు.

5. కథలో లేని అమ్మాయి

‘అంపశయ్య’లో స్త్రీలు రవి చూపులో ఉంటారు. అది ఆ నవల ఎంచుకొన్న దృష్టికోణపు పరిమితి. ఒకే మనసులో ఉండిపోవాలన్న నియమం పెట్టుకొన్నప్పుడు మరో మనసు తెరుచుకోదు. అయితే తెలుగు నవల ఆ రెండవ మనసును వేరే చోట అదే శ్రద్ధతో తెరిచిందా అన్నది అడగవలసిన ప్రశ్న.

కౌమార బాలికలు అత్యధికంగా చదివిన తెలుగు రచయిత్రుల్లో యద్దనపూడి సులోచనారాణి ముందుంటారు. విమర్శ ఆమె నవలలను కలల వ్యాపారంగా తేలికగా పక్కన పెట్టింది. ‘మీనా’ను మళ్లీ చదివితే ఆ తీర్పు సగమే నిజమనిపిస్తుంది. తల్లి ఆధిపత్యం కింద ఊపిరాడని అమ్మాయి పల్లెలో బంధువుల ఇంటికి వెళ్లి, తనకు ఏది ఇష్టమో తాను తెలుసుకోవడం దాని సారం. అదుపు, భయం, తనను తాను నమ్మలేకపోవడం అన్న అంశాలు అందులో ఉన్నాయి. నవల వాటికి ప్రేమను, పెళ్లిని పరిష్కారంగా చూపి ముగుస్తుంది. సమస్యను గుర్తించినంత స్పష్టంగా పరిష్కారాన్ని ప్రశ్నించకపోవడం దాని లోటు. అయినా ఆ పుస్తకాన్ని దిండు కింద దాచుకొని చదివిన అమ్మాయిలు వెతికింది కథానాయకుణ్ని మాత్రమే కాదు. తమ ఉక్కిరిబిక్కిరికి ఒక పేరును కూడా వెతికారు.

తెలంగాణ నుంచి మరో రకమైన ఆధారం దొరుకుతుంది. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్ట తల్లి నయం’ కథల్లో దళితవాడ పిల్లల కళ్లతో ఊరు కనిపిస్తుంది. కులం, పని, తల్లి, చదువు ఒకే చూపులో, ఒకే యాసలో కలిసి ఉంటాయి. ‘అంపశయ్య’ శిల్పం వల్ల సాధించిన సమగ్రతను ఈ కథలు భాష వల్ల సాధిస్తాయి. ఈ చూపు బాల్యం దాటి పదహారేళ్లకు, కళాశాలకు, తొలి ఇష్టానికి చేరితే ఎటువంటి నవల వస్తుందన్న ఊహ ఈ వ్యాసానికి ఒక ఆశ.

ఈ నేల అమ్మాయి ప్రేమను తెరపై చూపిన ‘విరాటపర్వం’ (2022) ఇక్కడ ప్రస్తావించదగినది. వేణు ఊడుగుల దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో వెన్నెల ఒక విప్లవకారుని కవిత్వం చదివి అతన్ని ప్రేమిస్తుంది. చదవడం ద్వారా ప్రేమించడం, ప్రేమ ద్వారా రాజకీయాల్లోకి రావడం అన్న క్రమం చీలిపోయిన రెండు ధోరణులను ఒక అమ్మాయిలో కలిపే ప్రయత్నం. కాని ఆమె అంతరంగం భక్తి రూపంలోనే కనిపిస్తుంది. సందేహం, అలసట, తనతో తనకు పేచీ దాదాపుగా లేవు. చివరకు ఆమె మాటను నమ్మనివారి చేతిలోనే ఆమె మరణిస్తుంది. వినేవారు లేకపోవడం రవి విషయంలో వ్యథ. వెన్నెల విషయంలో అది మరణ కారణం.

6. ముగింపుగా మరణం, మలుపుగా శ్రోత

కౌమార ప్రేమ కథల్లో మరణాన్ని ముగింపుగా వాడటం సాహిత్యపరమైన ప్రశ్న మాత్రమే కాదు. గోథే ‘వెర్థర్’ (1774) తర్వాత ఐరోపాలో అనుకరణ మరణాలు జరిగాయన్న ఆందోళన ఎన్నో నగరాల్లో వ్యక్తమైంది. ఆ పేరుతోనే సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో ‘వెర్థర్ ప్రభావం’ అన్న భావనను ప్రవేశపెట్టారు. జే ఆషర్ 2007లో రాసిన ‘థర్టీన్ రీజన్స్ వై’ ఆధారంగా వచ్చిన ధారావాహికలోని మరణ దృశ్యాన్ని తీవ్రమైన చర్చ తర్వాత నెట్‌ఫ్లిక్స్ 2019లో తొలగించింది. మరోవైపు 2010లో నీడర్‌క్రోటెన్‌థాలర్, ఆయన సహ పరిశోధకులు ‘పాపగేనో ప్రభావం’ గురించి రాశారు. మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’ సంగీత నాటకంలో ప్రేమ దక్కదని ప్రాణం తీసుకోబోయిన పాపగేనోను ముగ్గురు బాలురు ఆపి, వేరే దారి ఉందని గుర్తుచేస్తారు. సంక్షోభాన్ని దాటి వచ్చిన మనిషి కథ చదివేవారికి రక్షణ కావచ్చునన్నది ఆ పరిశోధన సారాంశం.

దీన్ని నవలకు నీతి నియమంగా మార్చకూడదు. సుఖాంతం రాయండని రచయితను శాసించడం విమర్శ పని కాదు. విషాదాన్ని నిషేధిస్తే ‘చివరకు మిగిలేది’ లేదు, ‘అసమర్థుని జీవయాత్ర’ లేదు. కాని ఈ చర్చలో శిల్పానికి సంబంధించిన ఒక సూచన ఉంది. పాపగేనోను మార్చింది ఉపదేశం కాదు. ఆ క్షణంలో మరొకరు అక్కడ ఉండటం, అతడు మరిచిన ఒక మాటను గుర్తుచేయడం. శ్రోత అనేది కథలో ఒక పాత్ర, ఒక సంభాషణ, ఒక మలుపు. తెలుగు కౌమార కథల్లో స్నేహితుడు చాలాకాలంగా హాస్యానికో, ఉత్తరాలు చేరవేయడానికో పరిమితమయ్యాడు. అతన్ని వినేవాడిగా చేయడం రచనా సమస్య. దానికి పరిష్కారం రచనలోనే దొరకాలి.

చట్టం, పాలన ఈ దిశలో కొంత ముందుకు వచ్చాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యా ప్రయత్నాన్ని తీవ్రమైన ఒత్తిడి ఫలితంగా భావించి, శిక్షకు బదులు సంరక్షణను ప్రతిపాదించింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై అందుబాటులో ఉంది. విశాఖపట్నంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల సలహాదారు ఒకరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. న్యాయస్థానం బాధ్యతను విద్యార్థి మనసులోనే కాక సంస్థలో కూడా చూసింది. శయ్యను చూసిందన్నమాట. అయితే సలహాదారు గది తలుపు తట్టాలంటే విద్యార్థికి ముందుగా తన స్థితిని చెప్పుకొనే మాటలు కావాలి. ‘టెన్షన్’, ‘మూడ్ బాగాలేదు’, ‘మనసు మంచిగ లేదు’ అన్న రెండు మూడు మాటలతోనే ఎంతో బరువును మోస్తున్న వయసు అది. ఆ మాటలను పెంచేది సాహిత్యమే.

7. చెన్నూరు తరగతి గదిలో

ఇంతవరకు చెప్పినదాన్ని మళ్లీ ఆ బెంచీ దగ్గరకు తెద్దాం. అక్కడి విద్యార్థినికి ఒక అబ్బాయి ఇష్టమనుకొందాం. ఆ ఇష్టంలో అతని కులం, తన కులం ఉన్నాయి. ఇంటికి వెళ్లే చివరి బస్సు వేళ ఉంది. పత్తి ఏరే రోజుల్లో మానవలసి వచ్చిన తరగతులున్నాయి. ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్న విషయం ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వారి మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని కూడా 2012 నాటి పోక్సో చట్టం నేరంగానే చూస్తుందన్న, ఆమెకు బహుశా తెలియని వాస్తవం ఉంది. ఆమెకు నిద్రపట్టకపోతే దానికి కారణం వీటిలో ఏది? ఏ ఒక్కటీ కాదు. అన్నీ కలిసి ఒక శయ్య అయ్యాయి. ఆమె చదవడానికి దొరికే ప్రేమ కథలో ఆమె బస్సు లేదు. ఉద్యమ కథలో ఆమె నిద్రలేమి లేదు. వ్యక్తిత్వ వికాస గ్రంథంలో ఆమె కులం లేదు.

ఈ స్థితిలో అధ్యాపకులు చేయగల పని ఒకటుంది. ‘అంపశయ్య’ను మనం ఎక్కువగా చైతన్య స్రవంతికి ఉదాహరణగా, పరీక్షలో రెండు మార్కుల జవాబుగా బోధిస్తున్నాం. దాన్ని ఒక విద్యార్థి రోజుగా చదివించవచ్చు. రవి చెప్పకుండా మింగిన మాటలను గుర్తించమని అడగవచ్చు. ఆ మాటలను ఎవరికి చెప్పి ఉండవచ్చని చర్చించవచ్చు. రవి గదిలోకి ఎన్నడూ రాని అమ్మాయి అదే రోజును ఎలా గడిపి ఉంటుందో తమ మాటల్లో, తమ యాసలో రాయమనవచ్చు. ఇది చికిత్స కాదు, చికిత్సకు ప్రత్యామ్నాయమూ కాదు. సాహిత్య బోధనే. కాని ఒక తరగతిలో ఒకరు రాసినదాన్ని తక్కినవారు నవ్వకుండా వింటే, నవలలో ఖాళీగా ఉండిపోయిన శ్రోత స్థానం ఆ గదిలో కొంత నిండుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, కౌమార ప్రేమ, మనోవ్యథ తెలుగు నవలకు కొత్త వస్తువులు కావు. వాటిని విడదీయకుండా చూపే నమూనా ఉత్తర తెలంగాణ రచయిత చేతుల్లో 1969 నాటికే రూపొందింది. రెండు, తర్వాతి సాహిత్యంలో ప్రేమ, సామాజిక స్థితి, మనసు వేర్వేరు ధోరణులుగా చీలాయి. ప్రతి ధోరణీ తన భాగాన్ని బలంగా చెప్పినా మొత్తాన్ని కోల్పోయింది. మూడు, అమ్మాయి అంతరంగం, శ్రోత పాత్ర – ఈ రెండూ ‘అంపశయ్య’లోనూ లేవు, తర్వాత కూడా తగినంతగా రాలేదు.

అందువల్ల తెలుగులో కౌమార నవల రావాలని కోరుకోవడం అంటే ఆంగ్లంలోని ఒక ప్రచురణ విభాగాన్ని దిగుమతి చేసుకోవడం కాదు. నవీన్ తెరిచిన దారిని, గోగు శ్యామల వంటి రచయిత్రుల చూపుతో, నేటి పదహారేళ్ల వయసు దాకా పొడిగించడం. ఆ పని జరిగేదాకా జిల్లా పేజీలోని ఏక కారణ వాక్యమే ఈ వయసుకు సంక్షిప్త నవలగా చలామణీ అవుతుంది. ‘మనస్తాపం’ అన్న మాట దగ్గర వార్త ఆగిపోతుంది. నవల అక్కడి నుంచి మొదలుకావాలి.